పౌలో ఫ్రెయిరే 'పీడితుల బోధనాశాస్త్రము' – మన వేదాంత తరగతి గది: ఒక విమర్శనాత్మక పఠనము

పాస్టర్ల సదస్సులలోను, వేదాంత కళాశాలల తరగతి గదులలోను 'ఎనర్జైజర్' అనే మాట ఇప్పుడు అందరికీ అలవాటైపోయినది. మధ్యాహ్న భోజనము తరువాత వచ్చే పీరియడ్. తలలు వాలుతుంటాయి. బోధకుడు అందరినీ లేపి నిలబెట్టి ఒక చప్పట్ల ఆటో, ఒక యాక్షన్ సాంగో చేయిస్తారు. ఐదు నిమిషములు నవ్వులు. మరల అందరూ కూర్చుంటారు, నోట్సు మరల మొదలవుతుంది, పది నిమిషములలో తలలు మరల వాలుతాయి. ఇందులో ఆటను తప్పు పట్టవలసినది ఏమీ లేదు. అపొస్తలుడైన పౌలు ప్రసంగిస్తుండగానే ఐతుకు అనే యౌవనస్థుడు నిద్రపోయి మూడవ అంతస్తు నుండి పడిపోయినాడు (అపొ. కా. 20:9). అర్ధరాత్రి దాక సాగిన ప్రసంగము, మేడగదిలో అనేక దీపములు; పౌలు ఎదుటనే అలా జరిగినప్పుడు మన సంగతి చెప్పనేల! శరీరమునకు దాని హద్దులు దానికున్నవి.

అయితే ఆటలో మేల్కొనిన విద్యార్థి పాఠములో మరల ఎందుకు నిద్రపోతున్నాడు? ఈ ప్రశ్నను ఆటలు చేయించే వారెవరూ అడుగుట నేను వినలేదు. ఆటలో అతని చేయి, అతని గొంతు, అతని తెలివి అవసరమైనవి. పాఠములో అతని చెవి మాత్రమే అవసరమైనది. బ్రెజిల్ దేశపు విద్యావేత్త పౌలో ఫ్రెయిరే వ్రాసిన 'పీడితుల బోధనాశాస్త్రము' అనే గ్రంథమును ఈ ప్రశ్నతో తిరిగి చదువుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఆ గ్రంథమును మన కళాశాలలలో ఎంతో కాలముగా ప్రస్తావిస్తూనే ఉన్నారు. చిత్రమేమిటంటే, దానిని కూడ నోట్సు చెప్పి వ్రాయించుట కద్దు.

గ్రంథము, దాని పుట్టుక

ఫ్రెయిరే 1921లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతములోని రెసీఫే పట్టణములో పుట్టారు. 1929 నాటి ఆర్థిక మాంద్యములో ఆ మధ్యతరగతి కుటుంబము చితికిపోయినది. ఆకలి వలన బడిలో చెప్పినది తలకెక్కేది కాదని ఆయన తరువాతి కాలములో చెప్పుకొన్నారు. విద్యార్థి మందకొడితనమును గూర్చి మాట్లాడే ముందు అతని కడుపును గూర్చి, హాస్టలు భోజనమును గూర్చి విచారించుట అవసరమని ఇందులో మనకు ఒక హెచ్చరిక ఉన్నది. 1963లో ఆంజికోస్ అనే చోట సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటల పాఠములలో చదువుట, వ్రాయుట నేర్పిన ప్రయోగము ఆయనకు పేరు తెచ్చినది. అక్షరము రానివారికి ఆనాడు బ్రెజిల్‌లో ఓటు హక్కు లేదు. కాబట్టి ఆ 40 గంటలు రాజకీయమైన గంటలు కూడా. 1964లో సైన్యము అధికారమును చేజిక్కించుకొన్న తరువాత ఆయనను చెరసాలలో పెట్టారు. అటు తరువాత బొలీవియా, చిలీ దేశములలో ప్రవాసము. ఈ గ్రంథము చిలీలో వ్రాసినదే. 1968 నాటిది, 1970లో ఆంగ్లములో వచ్చినది. 1970 నుండి 1980 వరకు ఆయన జెనీవాలో ప్రపంచ సంఘముల మండలి విద్యా విభాగములో పనిచేశారు. ఆయన ఆలోచన సంఘమునకు బయట నుండి అరువు తెచ్చుకొన్న సరుకని భావించేవారు ఈ పది సంవత్సరములను గుర్తుంచుకోవలెను.

గ్రంథములోని రెండవ అధ్యాయమే అందరికీ తెలిసినది. బోధకుడు సొమ్ము జమచేయువాడు, విద్యార్థి ఖాళీ ఖాతా, పరీక్ష నాడు ఆ సొమ్మును తిరిగి తీసుకొనుట: దీనిని ఆయన 'బ్యాంకింగ్ విద్య' అన్నారు. దీనికి బదులుగా సమస్యను ఎదుట పెట్టి, బోధకుడు విద్యార్థి కలసి దానిని పరిశీలించే పద్ధతిని సూచించారు. రెండవ అధ్యాయముతోనే పుస్తకము మూసివేసేవారు చాలమంది. తరగతిలో నాయకత్వమును గూర్చి ఆయన చెప్పినది నాలుగవ అధ్యాయములో ఉన్నది. దానికి తరువాత వస్తాను.

గుణింతము, దూబగుంట, నెహెమ్యా గ్రంథము

ఫ్రెయిరే పద్ధతిలో మన తెలుగువారికి వెంటనే తెలిసిపోయే ఒక సంగతి ఉన్నది. ఆయన ఇటుక అనే అర్థమిచ్చే 'తిజోలు' అనే పోర్చుగీసు మాటను తీసుకొని, దానిని అక్షర ఖండములుగా విడదీసి, ఒక్కొక్క ఖండమునకు 'త, తె, తి, తొ, తు' అని వరుస కట్టించేవారు. ఇది మన గుణింతమే కదా! మన వీధిబడులలో తరతరములుగా పిల్లలు గొంతెత్తి వల్లించినదే. మరి ఆంజికోస్‌లో జరిగినది మన బడులలో ఎందుకు జరుగలేదు? తేడా వరుసలో లేదు. గుణింతమునకు ముందు ఆయన ఇటుకల పనివారి బొమ్మను గోడ మీద చూపించి, ఈ ఇల్లు ఎవరు కట్టారు, కట్టినవాడికి ఇల్లున్నదా అని మాట్లాడించేవారు. ఆ మాట అప్పటికే వారి నోట పండి ఉన్నది. గుణింతము దాని వెనుక నడచినది. ఒకే కృత్యము, దాని ముందు ఏమి జరిగినదనే దానిని బట్టి, వల్లింపు అవుతుంది లేక మేలుకొలుపు అవుతుంది.

ఇందుకు మన నేల మీదనే సాక్ష్యమున్నది. 1990ల ఆరంభములో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు వయోజనుల వాచకములో సీతమ్మ కథ అనే పాఠము ఉండేది. సారా వలన ఒక స్త్రీ సంసారము ఏమైనదో చెప్పే కథ. దూబగుంట గ్రామములో రాత్రి బడికి వచ్చిన స్త్రీలు ఆ పాఠమును చదివి, అది తమ కథేనని మాట్లాడుకొని, ఊరిలో సారా అమ్మకమును ఆపించారు. 1992లో అది జిల్లా దాటి ఉద్యమమైనది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటా వినబడినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారాను నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినది గాని, అది వేరే చర్చ. పగలంతా పొలములో వంగి పనిచేసి, వంట ముగించుకొని, లాంతరు దగ్గర కూర్చున్న ఆ స్త్రీలకంటె అలసిన విద్యార్థులు ఏ కళాశాలలో ఉన్నారు? వారిని మేల్కొలుపుటకు ఎవరూ చప్పట్ల ఆట ఆడించలేదు. పాఠమే వారిని లేపి నిలబెట్టినది.

లేఖనములలో దీనికి దగ్గరగా ఉన్న తరగతి నెహెమ్యా 8వ అధ్యాయములోనిది. సాధారణముగా మనము ఎజ్రా చదివిన మొదటి దినమును గూర్చి ప్రసంగిస్తాము: ఉదయము నుండి మధ్యాహ్నము వరకు నిలిచి వినుట, లేవీయులు అర్థము చెప్పుట, ప్రజలు ఏడ్చుట. రెండవ దినమును (8:13-18) దాటిపోతాము. పెద్దలు, యాజకులు, లేవీయులు ఎజ్రా యొద్దకు వచ్చి ధర్మశాస్త్రమును పరిశీలించగా పర్ణశాలలను గూర్చిన ఆజ్ఞ కనబడినది. వెంటనే జనులు కొండకు పోయి ఒలీవ కొమ్మలు, ఈత మట్టలు తెచ్చి, ఇండ్ల మీదను, వాకిళ్లలోను, మందిరపు ఆవరణములలోను పర్ణశాలలు కట్టుకొన్నారు. ఈ కొమ్మల దగ్గర మహా సంతోషము కలిగినదని గ్రంథకర్త వ్రాసినాడు (8:17). అది విరామములో జరిగిన కార్యక్రమము కాదు, చదివిన వాక్యములో నుండి పుట్టిన పని. తరగతి కృత్యమునకు నేను ఇంతకంటె మంచి కొలత చూడలేదు.

నాయకత్వమును గూర్చి నాలుగవ అధ్యాయము

ఈ అధ్యాయములో ఫ్రెయిరే సంభాషణకు విరోధమైన నాయకత్వమునకు నాలుగు గుర్తులు చెప్పారు: జయించుట, విడదీసి పాలించుట, మభ్యపెట్టి నడిపించుట, ఇతరుల సంస్కృతిపై దండెత్తుట. వీటికి ఎదురుగా సహకారము, ఐక్యత, వ్యవస్థీకరణ, సాంస్కృతిక సమన్వయము అనే వాటిని నిలిపారు. ఆయన మనసులో ఉన్నది విప్లవ నాయకులు. అయినను ఒక్కసారి బ్లాక్‌బోర్డు ముందు నిలబడి చదివితే ఈ జాబితా గుచ్చుకొంటుంది. మొదటి దినమే హెబ్రీ, గ్రీకు మాటలు కుప్పగా పోసి నోరు మూయించుట జయించుట గాక మరేమిటి? మార్కుల జాబితాను తలుపుకు అంటించి, ఆంగ్లము వచ్చినవారిని ముందు బల్లల మీదను, తెలుగు మాధ్యమము వారిని వెనుక బల్లల మీదను తేల్చుట విడదీయుటయే. ఇక మభ్యపెట్టుట అనే గుర్తు మన ఎనర్జైజర్ మీదనే పడుతుంది. విద్యార్థికి మాట లేని పాఠమును అలాగే ఉంచి, మధ్యలో ఐదు నిమిషములు నవ్వించి, మరల అదే పాఠమును మింగించుటకు ఆటను వాడుకొన్నప్పుడు ఆ ఆట ఎవరి పని చేస్తున్నది?

నాలుగవది మనకు అన్నిటికంటె బాధాకరమైనది. మన కళాశాలలకు వచ్చేవారిలో అనేకులు డప్పు కొట్టగలవారు, కోలాటము వేయగలవారు, బుర్రకథ చెప్పగలవారు, తల్లుల నోట విన్న క్రైస్తవ కీర్తనలను రాగము తప్పక పాడగలవారు. నాలుగేండ్ల తరువాత బయటకు వచ్చేటప్పుడు వారి చేతిలో మూడు పాయింట్ల ప్రసంగపు కాగితము ఉంటుంది. డప్పు హాస్టలు గేటు దగ్గరనే ఆగిపోయినది. అటువంటి యువకుడు ఒక పల్లె సంఘములో మొదటి ప్రసంగము చేసినప్పుడు ముందు వరుసలోని పెద్దమ్మ ఒకామె, "అయ్యా, చదువుకు పోకముందు నువ్వు బాగా చెప్పేవాడివి నాయనా" అన్నది. నేను ప్రక్కనే ఉన్నాను. ఆ మాటను పరిశోధనా పత్రికలో చేర్చదగిన విమర్శగానే నేను ఎంచుతున్నాను.

ఫ్రెయిరే సంభాషణకు ప్రేమ, వినయము, మనుష్యుల యందు విశ్వాసము, నిరీక్షణ, విమర్శనాత్మక ఆలోచన కావలెనని మూడవ అధ్యాయములో చెప్పారు. ఆ వరుస వినగానే 1 కొరింథీ 13 గుర్తు రాని పాస్టరు ఉండడు. కాని పౌలు ప్రేమను అన్నిటికీ పైన నిలిపినాడు. ఫ్రెయిరే దానిని సంభాషణకు పునాదిగా క్రింద వేశారు. బోధకునికి రెండూ కావలెను.

'డిపాజిట్' అనే మాట దగ్గర ఆగవలసి ఉన్నది

ఇక్కడ ఫ్రెయిరేతో నాకు వివాదమున్నది. జమచేయుట అనే పోలికను ఆయన పూర్తిగా దోషముగా ఎంచారు. అయితే 2 తిమోతి 1:14లో పౌలు తిమోతికి చెప్పినది ఏమి? అతనికి అప్పగింపబడిన ఆ మంచి దానిని కాపాడుమని. అక్కడి గ్రీకు మాట 'పరాథేకే'. ఒకడు నమ్మి మరొకని చేతిలో ఉంచిన సొత్తు అని దాని భావము, అనగా డిపాజిట్టే. క్రైస్తవ బోధకుడు తనకు తానుగా కనిపెట్టని ఒక వార్తను పట్టుకొని తరగతికి వస్తాడు. సిలువను చర్చలో నుండి రాబట్టలేము. అది చెప్పవలెను, వినవలెను. ఫ్రెయిరేను తలకెత్తుకొన్న కొందరు బోధకులు 'మీరేమనుకొంటున్నారు?' అని గుంపులుగా కూర్చోబెట్టి, చార్టు కాగితములు పంచి, గంట కొట్టగానే వెళ్లిపోతారు. విద్యార్థులు తమకు ముందే తెలిసినదానిని రంగు పెన్నులతో వ్రాసి గోడకు అంటిస్తారు. ఇది కూడ ఒక విధమైన ఆకలే.

ఎమ్మాయు మార్గములోని తరగతిని చూడండి (లూకా 24:13-35). ప్రభువు తెలియనివానివలె ప్రశ్నతోనే ప్రారంభించారు. వారి నిరాశను పూర్తిగా చెప్పనిచ్చారు. అంతటితో ఆగిపోలేదు, మోషే మొదలుకొని ప్రవక్తలందరి నుండి వివరించారు. అది చిన్న ఉపన్యాసము కాదు. ఆ తరువాత రొట్టె విరచుట, కన్నులు తెరువబడుట, ఆయన అదృశ్యమగుట. ప్రొద్దు గ్రుంకినది, ప్రయాణము వద్దని తామే చెప్పిన ఆ ఇద్దరు ఆ గడియలోనే లేచి ఆమడ దూరము వెనుకకు నడిచినారు. ప్రశ్న, ప్రకటన, బల్ల: ఈ మూడింటిలో ఒక్క ప్రశ్ననే తీసుకొని అదియే విముక్తి బోధ అంటే నేను ఒప్పుకొనను. బోధకుడు సరియైన సమయములో తప్పుకొనుట కూడ అక్కడ ఉన్నది. ఈ విషయములో మాత్రము ఫ్రెయిరే మనకంటె ప్రభువు పద్ధతికి దగ్గరగా ఉన్నారు.

అయితే పరాథేకే అనే మాటను అడ్డము పెట్టుకొని మన నోట్సు పద్ధతిని సమర్థించుకొనుటకు కూడ వీలు లేదు. అదే పత్రికలో 2:2 చూస్తే, విన్నదానిని ఇతరులకు బోధించుటకు సామర్థ్యముగల నమ్మకమైన మనుష్యులకు అప్పగింపుమని ఉన్నది. అప్పగింత చేతులు మారుతూ పోవలెను. మత్తయి 25లో తలాంతును భూమిలో దాచినవాడు దానిని ఒక్క పైసా తగ్గకుండా తిరిగి ఇచ్చినాడు. మన పరీక్షలలో అతనికి నూటికి నూరు వచ్చును. యజమానుడు అతనిని సోమరియైన చెడ్డ దాసుడన్నాడు. కనీసము సాహుకారుల యొద్ద ఉంచవలసినదని కూడ చెప్పినాడు (25:27). కాబట్టి లేఖనము బ్యాంకును నిందించలేదు, గోతిని నిందించినది. ఫ్రెయిరే బ్యాంకింగ్ అని పేరు పెట్టిన దానికి పాతిపెట్టే విద్య అని పేరు పెట్టి ఉంటే మనకు ఇంకా సరిగా అతికేది.

మెట్ల సంగతి

ఈ గ్రంథమునకు మన దేశములో మరొక పరిమితి ఉన్నది. పీడకుడు, పీడితుడు అని రెండే గట్టులు చూపుతుంది. డాక్టర్ అంబేద్కర్ చూపిన మెట్ల అసమానత ఇందులో లేదు. ప్రతివాడు ఒకని కాలి క్రింద ఉంటూ, మరొకని తల మీద కాలు పెట్టి ఉన్న వ్యవస్థలో, వృత్తాకారముగా కుర్చీలు వేసినంత మాత్రమున సంభాషణ రాదు. తరగతిలో పది మంది గుండ్రముగా కూర్చుంటే మొదట ఎవరు మాట్లాడతారో, ఎవరి మాటకు ఎవరు నవ్వుతారో గమనించండి. ఉపకులముల మధ్య, కోస్తా తెలంగాణ యాసల మధ్య, పాస్టరు కుమారునికి కూలివాని కుమారునికి మధ్య మెట్లు అక్కడ కూడ ఉన్నవి. స్త్రీల విషయములో గ్రంథపు భాషనే తప్పు పట్టారు. అమెరికా రచయిత్రి బెల్ హుక్స్ 1994లో వచ్చిన తన పుస్తకములో ఫ్రెయిరే నుండి తాను పొందిన మేలును చెబుతూనే, విముక్తిని పురుషుని విముక్తిగానే ఊహించిన ఆయన భాషను విమర్శించారు. ఆ దోషమును గూర్చి స్త్రీలు తనకు వ్రాసిన ఉత్తరములు న్యాయమైనవేనని ఫ్రెయిరే 1992 నాటి పుస్తకములో ఒప్పుకొన్నారు. విద్యార్థుల నుండి నేర్చుకొనుట అనే తన సిద్ధాంతమునకు ఆయన ఇచ్చిన మంచి ఉదాహరణ అదేనని నా అభిప్రాయము.

'కూలి' అనే మాటతో ఒక పాఠము

గ్రామ సేవకుల తర్ఫీదు తరగతులలో నేను కొన్నేండ్లుగా మత్తయి 20:1-16ను ఈ విధముగా చెబుతున్నాను. ముందు బైబిలు తెరువము. బోర్డు మీద 'కూలి' అని ఒక్క మాట వ్రాస్తాను. మీ ఊరిలో మగవారికెంత, ఆడవారికెంత, ఎవరు నిర్ణయిస్తారు? అంత వరకు నోరు విప్పనివారు ఇక్కడ విప్పుతారు, ఎందుకనగా ఈ విషయములో బోధకునికంటె వారికే ఎక్కువ తెలుసును. మెట్ల సంగతి చెప్పితిని గనుక, మొదటి పది నిమిషములు వెనుక బల్లల వారికే. తరువాత ప్రశ్న: పట్టణములో కూలీల అడ్డా మీద ఉదయము ఆరింటికి ఎవరిని ముందు తీసుకొనిపోతారు? సాయంత్రము వరకు ఎవరు మిగిలిపోతారు? ముసలివారు, కుంటివారు, చంకలో బిడ్డ ఉన్న తల్లి, కొత్తగా ఊరికి వచ్చిన భాష రానివాడు అని జవాబులు వస్తాయి. నలుగురు లేచి అడ్డాను నటించి చూపుతారు. మేస్త్రీ పాత్రకు ఎప్పుడూ పోటీయే!

అప్పుడు బైబిలు తెరుస్తాము. ఐదు గంటలకు నిలిచి ఉన్నవారు తమ్మును ఎవరూ కూలికి పెట్టుకొనలేదని చెప్పిన మాట (20:7) చదవగానే తరగతి నిశ్శబ్దమవుతుంది. ఇది నిద్ర నిశ్శబ్దము కాదు. వారిని సోమరులని ప్రసంగించిన సందర్భములు చాలమందికి గుర్తు వస్తాయి. మన బైబిలులో 'ఊరక' నిలిచియుండుట అని ఉన్నచోట గ్రీకులో 'ఆర్గోస్' అని ఉన్నదని, 'పని' అనే మాటకు 'లేని' అనే ఉపసర్గ చేరి ఆ మాట పుట్టినదని, సోమరి అనే కాక పని దొరకనివాడు అనే అర్థము కూడ దానికి ఉన్నదని అప్పుడు చెబుతాను. ఉపన్యాసమే, ఇరవై నిమిషములు పడుతుంది. దేనారము ఒక దినపు కూలి అని, సాయంకాలపు కూలి ఆ రాత్రి ఆ ఇంటి అన్నమని చెబుతాను. గ్రీకు వ్యాకరణము అంటే భయపడేవారు ఆ మాటను తామే అడిగి వ్రాసికొంటారు. ఇక యజమానుని న్యాయమును గూర్చి మొదలయ్యే వాదము భోజనపు గంటకు కూడ తెగదు. పొద్దుటి నుండి పనిచేసినవాని పక్షమున వాదించే విద్యార్థి ప్రతి తరగతిలో ఒకడైనా ఉంటాడు. అతనిని నేను ఆపను. ఉపమానములో కూడ యజమానుడు అతనిని స్నేహితుడా అనే పిలిచినాడు.

ఈ పద్ధతికి వచ్చే ఆక్షేపణలలో సిలబస్ ముగియదనేది ఒకటి. అది నిజమే. నాలుగు ఉపమానములు చెప్పవలసిన వారములో ఒకటే అవుతుంది. మిగిలిన మూడింటిని విద్యార్థులు తామే చదివికొని రావలెను. చదువుతారా అంటే, ఒకటి సరిగా చదివినవారు చదువుతున్నారు. పరీక్షను గూర్చిన ఆక్షేపణ ఇంతకంటె గట్టిది. అడ్డాను గూర్చి అందరికంటె లోతుగా మాట్లాడిన విద్యార్థి మూడు గంటల వ్రాతపరీక్షలో రెండు పేజీలు దాటలేడు. అతనికి మార్కులెక్కడివి? దీనికి ఒక ప్రతిపాదనను బోధకుల ముందు పెడుతున్నాను. సువార్తల పాఠ్యాంశములో అంతర్గత మూల్యాంకనకు ఉన్న మార్కులలో సగమును, విద్యార్థి ఒక పల్లెలో జరిపిన వాక్య సంభాషణకు కేటాయించవచ్చును. అతడు ఏ మాటతో మొదలుపెట్టినాడు, ఎవరు మాట్లాడినారు, ఎవరు మాట్లాడలేదు, వాక్యమును ఎప్పుడు ప్రకటించినాడు అనేవి నాలుగు పుటలలో వ్రాసి తేవలెను. దిద్దువారిలో ఆ పల్లె సంఘపు పెద్ద ఒకరు, స్త్రీల సమాజము నుండి ఒకరు ఉండవలెను. వారికి చదువు రాకపోతే నోటితో చెప్పినదానిని మరొకరు వ్రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకొనవచ్చును. మార్కుల పట్టికలో వేలిముద్రకు చోటున్నదా అని పరీక్షల విభాగమువారు అడుగుదురు. లేదు, ఒక గడి అదనముగా గీయవలసి ఉంటుంది.